గుండుసూది గీసిన అల

ఆ రోజుకు దర్జీ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఎనిమిదింటికి కొట్టు తెరవాలి. పదకొండుకల్లా తెర కుట్టడం పూర్తవ్వాలి. ఒంటిగంటకు దాన్ని తీసుకెళ్ళి కూతురి బడిలో పరీక్షల హాలు కిటికీకి తగిలించాలి. రెండింటికి కూతురు అదే హాల్లో కూర్చుని భౌతికశాస్త్రం పరీక్ష రాయాలి. తెర పని తెరదీ, పరీక్ష పని పరీక్షదీ. ఇంత చక్కగా కుదిరినప్పుడే మనిషి కాస్త అనుమానించాలి. దర్జీ అనుమానించలేదు సరికదా, ఈల వేసుకుంటూ బల్ల తుడిచాడు.

ఆ హాల్లో ఒక్కటే పెద్ద కిటికీ. పరీక్ష కాపలా కాసే మేష్టారి కుర్చీ వెనకాల ఉంటుంది. మధ్యాహ్నం రెండున్నరకు ఎండ అందులోంచి తిన్నగా వచ్చి పిల్లల కళ్ళలో పడుతుంది. పోయిన పరీక్షల్లో సగం మంది కళ్ళు చికిలించి రాస్తే, ఆ రాత చదవలేక టీచర్లు కళ్ళు చికిలించారట. అందుకని పెద్ద టీచరమ్మ ఎనిమిది అడుగుల వెడల్పు నీలం గుడ్డ తెప్పించి దర్జీకి ఇచ్చింది.

"పరీక్ష మొదలయ్యే లోపల తగిలించాలి. మీ అమ్మాయి రాసే పరీక్షేగా, ఆలస్యం చెయ్యరులే" అంది.

దర్జీ కూతుర్ని ఇంట్లోనూ వీధిలోనూ అందరూ గుండుసూది అనే పిలుస్తారు. మనిషి సన్నం. ఎక్కడ కూర్చున్నా అక్కడ ఎవరో ఒకరు 'అబ్బా' అనకుండా ఉండరు. ఏడేళ్ళప్పుడే కుట్టుమిషను విప్పి మళ్ళీ బిగించింది. ఒక మర మిగిలిపోయింది. మిషను మాత్రం ముందుకన్నా బాగా నడవసాగింది. ఆ రోజు నుంచీ దానికి ఒకటే పట్టు, పెద్దయ్యాక మిషన్లు తయారుచేసే చదువు చదవాలని. ఆ చదువుకు వచ్చే ఏడు సైన్సు గ్రూపులో సీటు కావాలి. ఫిజిక్స్ టీచరమ్మ మాత్రం ఇప్పటికి రెండుసార్లు తప్పిన దాని కాగితాలు చూపించి, "మూడోసారి కూడా ఇంతే అయితే సైన్సు మాట మర్చిపో" అని తేల్చి చెప్పేసింది. ఈ మూడోసారి పరీక్షలో వచ్చే పాఠం ఒక్కటే, తరంగాల లక్షణాలు.

దానికి పుస్తకంలో చూస్తే ఏదీ ఎక్కదు. అక్షరాలు నేర్చింది కూడా తండ్రి బల్ల మీద, గుడ్డ మీద దర్జీ సుద్దతో రాసే. పెద్దగా రాయడం, పైకి చదవడం, బ్రష్షుతో దులిపేయడం. దులిపినా పోనిది ఏదైనా ఉంటే అది దాని బుర్రలో ఉన్నట్టు లెక్క.

"నాన్నా, తెల్ల సుద్ద ఏదీ?" అని అడిగింది, దర్జీ చెప్పుల్లో కాలు పెడుతుండగా.

"ఇందాకే ఆఖరి ముక్కతో తెర అడుగున గీత గీశా. రింగులు తేవడానికి బజారుకే వెళ్తున్నా, అదీ తెస్తా. ఈలోగా డబ్బాలో చూసుకో, ఏదో ఒకటి దొరుకుతుంది."

ఆ ఏదో ఒకటి పసుపుపచ్చ మైనం సుద్ద. ఉన్ని కోట్లకు తప్ప ఇంక దేనికీ దర్జీ దాన్ని ముట్టుకోడు. ఆ సంగతి చెప్పాలని ఆయనకు తోచలేదు. సగం వీధి దాటేసరికి ఎదురుగా బావమరిది వచ్చాడు. కొట్లో కత్తెర పనంతా ఇతనిదే.

"బల్ల మీద నీలం గుడ్డ పరిచి ఉంది. గీత గీసి పెట్టా. వెళ్ళి కోసెయ్" అన్నాడు దర్జీ.

"ఎక్కడ కొయ్యమంటావు బావా?"

"గీత మీద! ఇంకెక్కడ కోస్తావు, నా పీక మీదా?"

బావమరిది అలా అడగడానికి కారణం ఉంది. అయిదేళ్ళ కిందట ఒక కోటుకు ఒక చెయ్యి పొట్టిగా గీసి ఉంటే, పాపం బావ పొరబడ్డాడు కాబోలని రెండూ సమానంగా కోసేశాడు. ఆ కోటు తొడుక్కోవాల్సిన పెద్దమనిషికి నిజంగానే ఒక చెయ్యి పొట్టి. దర్జీ ఆ రోజు కొట్టు అదిరిపోయేలా అరిచాడు. "గీసేది నేను, కోసేది నువ్వు! మధ్యలో నీ బుర్రకి పని లేదు! గీత ఉంటే కొయ్యి. రెండు గీతలుంటే తర్వాత గీసిందే ఖాయం. అంతే!" అప్పటి నుంచీ బావమరిది తన బుర్రకు పూర్తి విశ్రాంతి ఇచ్చి ఎంతో సుఖంగా ఉన్నాడు.

ఇక్కడ కొట్లో గుండుసూది ఏం చేసిందంటే, తండ్రి గీసిన తిన్నని గీత కనబడగానే ఎగిరి గంతేసింది. పుస్తకంలోని బొమ్మలోనూ మధ్యలో సరిగ్గా అలాంటి గీతే ఉంది. దాని మీదుగా పైకీ కిందికీ ఆరు పెద్ద అలలు గీసింది. ఆ పైన జానెడు అక్షరాలతో నాలుగు వరుసలు రాసింది. అన్నిటికన్నా పై వరుసలో, 'కంపన పరిమితి: శృంగం నుంచి ద్రోణి దాకా ఉన్న ఎత్తు'. దాని కింద తరంగదైర్ఘ్యం, పౌనఃపున్యం, వేగం. రాసింది సరిచూసుకుందామని పుస్తకం కోసం కొట్టు వెనకాల ఉన్న ఇంట్లోకి వెళ్ళింది. పుస్తకం వెతకడానికి పావుగంట పట్టింది. అది చివరికి మంచం కోడు కింద దొరికింది, మంచం ఊగకుండా తనే పెట్టింది కనక.

ఆ పావుగంట బావమరిదికి చాలా ఎక్కువ. బల్ల దగ్గరికి వచ్చి చూశాడు. రెండు గీతలున్నాయి. ఒకటి తెల్లగా, వెలిసిపోయి, తిన్నగా. ఇంకొకటి పచ్చగా, కొత్తగా, వంకర్లు తిరుగుతూ. తర్వాత గీసిందే ఖాయం. కర్రు కర్రుమని ఆరు అలలూ ఒడుపుగా కోసేశాడు. నిజం చెప్పాలంటే అంత అందంగా అతను ఎప్పుడూ కొయ్యలేదు. ముక్క మిగిలితే వృథా చేసే అలవాటు లేదు గనక, కింద పడ్డదాన్ని అక్కడికక్కడే పాంట్ల జేబులకు ముక్కలు చేసి కట్ట కట్టాడు.

దర్జీ రింగులు, సుద్దలు తీసుకుని వచ్చేసరికి బల్ల మీద తెర అడుగున అలలు ఎగసిపడుతున్నాయి. బల్లకు అటు పక్క పుస్తకం పట్టుకుని కూతురు, ఇటు పక్క కత్తెర పట్టుకుని బావమరిది.

"ఏంట్రా ఇది?" అన్నాడు దర్జీ.

"గీత మీదే కోశా బావా. వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే నన్నడుగు."

"నేను గీసింది తిన్నగా కదరా!"

"నువ్వు గీసింది పాత గీత. కొత్తది ఖాయం అన్నది నువ్వేగా?"

తిట్టడానికి దర్జీ నోరు తెరిచాడు. తిట్టాల్సింది ఎవర్ని అన్నదగ్గర ఆగిపోయాడు. బావమరిది తన మాటే విన్నాడు. కూతురు తను నేర్పినట్టే చదువుకుంది. మైనం సుద్ద ఇచ్చిందీ తనే. ఎటు తిరిగినా వేలు తన వైపే చూపిస్తోంది. గుండుసూది కళ్ళు అప్పటికే నిండిపోయాయి.

"పెద్ద టీచరమ్మకి కోపం వస్తుంది నాన్నా. నన్ను పరీక్ష రాయనివ్వదు" అంది.

దర్జీ చేతిలోని రింగులు బల్ల మీద పెట్టాడు. "ఎందుకు రాయనివ్వదే? అడుగున అలలుంటే అది ఫ్యాషను. అలలు కావాలని పెట్టామంటాం" అన్నాడు. అనేశాక ఆయనకే నమ్మకం కుదిరింది. కింద మడతకని ఒక అడుగు గుడ్డ ఎక్కువే ఇచ్చారు కాబట్టి పొడవుకు లోటు లేదు. వంకర అంచు మడత పడదు కాబట్టి లోపలివైపు అదే వంపుతో ఒక పట్టీ వెయ్యాలి. నీలం గుడ్డంతా జేబులైపోయింది. ఆటల నిక్కర్లకని ఉంచిన ఎర్ర గుడ్డ మిగిలింది.

దర్జీ ఎర్ర గుడ్డ పరిచి, మధ్యలో తిన్నగా గీత గీసి, టేపు మెడలోంచి తీశాడు.

"చెప్పవే, ఈ కొండకీ ఆ కొండకీ మధ్య ఎంత?"

"కొండ కాదు నాన్నా, శృంగం. శృంగానికీ శృంగానికీ పదహారు అంగుళాలు. అదే తరంగదైర్ఘ్యం."

"పేరు ఏదైతేనేం, పదహారు. మరి మధ్య గీత మీద నుంచి ఎంత లేస్తుంది?"

"కంపన పరిమితా? ఎనిమిది అంగుళాలు" అంది గుండుసూది, ఏమాత్రం తడుముకోకుండా.

దర్జీ మధ్య గీత నుంచి పైకి ఎనిమిది, కిందికి ఎనిమిది కొలిచి గీశాడు. బావమరిది కోశాడు. పట్టీ తెచ్చి తెర మీద పెడితే, నీలం అలలు మామూలు అలల్లా ఉన్నాయి, ఎర్ర అలలు పక్కనున్న పడవల్ని ముంచేసేలా ఉన్నాయి. రెంటికీ ఎక్కడా పొంతన లేదు.

"ఎనిమిదన్నావు కదే!"

"ఎనిమిదే నాన్నా! కింది నుంచి పైకి కొలిచి చూడు!"

"ఎవరడిగారే కింది నుంచి పైకి? మధ్య గీత నుంచి ఎంత అని కదా అడిగాను! నడుం మీద నుంచి చొక్కా ఎంత దిగాలని అడిగితే, మెడ నుంచి మోకాళ్ళ దాకా కొలత చెప్తావా?"

గుండుసూది నెమ్మదిగా పుస్తకం తెరిచింది. బొమ్మలో బాణం గుర్తు మధ్య గీత దగ్గర మొదలై, శృంగం దగ్గర ఆగింది. కింద ద్రోణి దాకా వెళ్ళనే లేదు. రెండు పరీక్షల్లోనూ టీచరమ్మ ఎర్ర సిరాతో సున్నా చుట్టింది ఇక్కడే.

"నాన్నా, కంపన పరిమితి మధ్య గీత నుంచే. అంటే నాలుగే" అంది చిన్న గొంతుతో.

"ఆ నాలుగు ముందే ఏడవచ్చుగా? అడుగున్నర గుడ్డ తగలేశాం."

ఇదంతా చూస్తూ గుమ్మంలో నిలబడి బొత్తాలు కుడుతున్న దర్జీ భార్య అప్పుడు నోరు విప్పింది. "ఆ తెరని తెచ్చి ఈ గుడ్డ మీద పరిచి, అంచు వెంబడి గీసుకుంటే పోదా? కొలతలెందుకు?"

ముగ్గురూ ఆమె వంక చూశారు.

"అప్పట్నించీ చూస్తూ ఊరుకున్నావేం?" అన్నాడు దర్జీ.

"మీరు సైన్సు మాట్లాడుకుంటున్నారు కదా, మధ్యలో నేనెందుకని."

అలాగే పరిచి గీశారు. బావమరిది కోశాడు. దర్జీ మిషను మీద కూర్చుని ఒక్కో అల తిప్పుతుంటే, పక్కన కూతురు "శృంగం, ద్రోణి, శృంగం, ద్రోణి" అని గుడ్డ అందించింది. అయిదో అలకు దర్జీ కూడా అదే పాట అందుకున్నాడు. పన్నెండున్నరకు అంచు పూర్తయింది. ఇక మిగిలింది పైన రాసిన నాలుగు వరుసలు. బ్రష్షుతో దులిపితే పోలేదు. తడిగుడ్డతో తుడిస్తే పోలేదు.

"కోట్ల మీద మైనం సుద్ద ఇస్త్రీ చేస్తేనే పోతుందిగా? చేద్దాం ఉండండి" అని భార్య ఇస్త్రీపెట్టె ఎత్తింది. నాలుగుసార్లు అటూ ఇటూ లాగేసరికి పచ్చటి అక్షరాలు మంత్రం వేసినట్టు మాయమయ్యాయి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఉన్ని మీద మైనం పోయే తీరు వేరు, ఈ పలచటి గుడ్డ మీద అది కరిగి లోపలికి ఇంకిపోయే తీరు వేరు. కొట్టు వెలుతురులో ఆ తేడా కనబడదు. నూనె పడ్డ కాగితంలాగే, వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే తప్ప తెలియదు.

ఒంటిగంటకు బావమరిదిని వెంటబెట్టుకుని దర్జీ బడిలో తెర తగిలించాడు. పెద్ద టీచరమ్మ వచ్చి, అడుగున ఎర్ర అంచు తొంగిచూస్తున్న అలల వంక కాసేపు చూసింది.

"బాగుందే! నేను అడగకపోయినా ఎంత శ్రద్ధ తీసుకున్నారు!" అందామె. ఆ శ్రద్ధ గురించి దర్జీ వివరాల్లోకి పోలేదు.

కూతురు పరీక్ష అయ్యేదాకా ఉండి వెళ్దామని బావమరిదితో పాటు వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. తలుపులోంచి హాలు కనబడుతోంది. కాపలాకు ఆటల మేష్టారు వచ్చాడు. కిటికీకి వీపు పెట్టి కుర్చీలో కూర్చుని, ముప్ఫై అయిదుగురు పిల్లల వంకా గంభీరంగా చూడసాగాడు. గుండుసూది మొదటి బెంచీలో తల వంచుకుని రాస్తోంది. దర్జీ ప్రాణం హాయిగా ఉంది.

రెండున్నరకు ఎండ కిటికీ మీదికి వచ్చింది.

ముందు ఒక చుక్క మెరిసింది. తర్వాత ఒక సున్నా. చూస్తుండగానే నీలం తెర మీద, ఆటల మేష్టారి తల పైన, జానెడేసి అక్షరాలు దీపాలు పెట్టినట్టు వెలిగాయి. కంపన పరిమితి. తరంగదైర్ఘ్యం. పౌనఃపున్యం. వేగం. ముప్ఫై నాలుగు తలలు ఒక్కసారిగా పైకి లేచాయి. ఆటల మేష్టారు పొంగిపోయాడు. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో పిల్లలు తనవైపు అంత ఏకాగ్రతతో చూడటం ఆయనకు ఇదే మొదలు. మీసం సవరించుకున్నాడు.

దర్జీ బల్ల మీంచి దిగ్గున లేచాడు. ఆ రాత ఎవరిదో టీచరమ్మ ఇట్టే పట్టేస్తుంది. కాపీ కొట్టించడానికి కావాలని తెర మీద రాసిందంటారు. సైన్సు గ్రూపు సంగతి దేవుడెరుగు, బడిలోనే ఉంచరు. "పదరా!" అని బావమరిది చెయ్యి పట్టుకుని, వరండాలోని స్టూలు చంకన పెట్టుకుని, మేడ చుట్టూ తిరిగి కిటికీ వెనక్కి పరిగెత్తాడు.

"ఎండ తగలకపోతే అక్షరాలు కనబడవు. నేను అడ్డం నిలబడతా. నువ్వు స్టూలు కదలకుండా పట్టుకో!"

"ఎంతసేపు బావా?"

"పరీక్ష అయ్యేదాకా!"

దర్జీ స్టూలెక్కి, రెండు చేతులూ బారజాపి, కిటికీకి అడ్డంగా నిలబడ్డాడు. పొట్టి మనిషి. ఎంత సాగినా కింది మూడు వరుసల మీదే నీడ పడింది. అన్నిటికన్నా పై వరుస, కంపన పరిమితి, ఒంటరిగా ఇంకా బాగా వెలిగింది. దాన్ని కప్పాలని మునివేళ్ళ మీద లేచి చేతులు పైకి ఊపాడు. లోపల తెర మీద మెడలో టేపు వేలాడుతున్న ఒక నల్లటి మనిషి, 'పైది చూడండి, పైది చూడండి' అన్నట్టు ఎగిరెగిరి చూపించాడు. పిల్లలు పైదే చూశారు. తర్వాత కిసుక్కుమన్నారు.

ఆ నవ్వుకు ఆటల మేష్టారు వెనక్కి తిరిగాడు.

"బావా, వెనకాల ఎవరో వచ్చారు" అన్నాడు బావమరిది, రెండు నిమిషాల తర్వాత.

"నువ్వు స్టూలు సంగతి చూడు!"

"చూస్తున్నా. ఆయన కూడా చూస్తున్నాడు."

నాలుగున్నరకు పెద్ద టీచరమ్మ గదిలో దర్జీ, బావమరిది, గుండుసూది వరసగా నిలబడ్డారు. తెర బల్ల మీద ఉంది. పక్క కుర్చీలో ఫిజిక్స్ టీచరమ్మ కాగితాలు ఒక్కొక్కటే తిరగేస్తోంది. దర్జీ ఒక అడుగు ముందుకు వేశాడు.

"అమ్మా, తప్పంతా నాదే. సుద్ద ఇచ్చింది నేనే, తగిలించింది నేనే, అడ్డం నిలబడ్డదీ నేనే. తెరకి మీరివ్వాల్సింది ఏమీ ఇవ్వద్దు. కావాలంటే బడి తెరలన్నీ జీవితాంతం ఊరికే కుట్టిపెడతా. పిల్ల మాత్రం పొద్దుట్నించీ నిజంగానే చదివిందమ్మా. దాన్నేం అనకండి" అన్నాడు.

ఫిజిక్స్ టీచరమ్మ తలెత్తింది. "తెర మీద రాత ఎవరిది?"

"నాదే టీచర్" అంది గుండుసూది.

"కంపన పరిమితి అంటే శృంగం నుంచి ద్రోణి దాకా ఉన్న ఎత్తు అని రాశావు. తప్పు కదా?"

"తప్పే టీచర్."

"ఆ తప్పునే ముప్ఫై నాలుగు మంది, ఒక్క అక్షరం పొల్లుపోకుండా దించారు. పోయిన రెండుసార్లు ఇదే ప్రశ్నకి సరిగ్గా రాసినవాళ్ళు కూడా కొట్టేసి మరీ ఇది రాశారు." టీచరమ్మ చివరి కాగితం పైకి తీసింది. "మధ్య గీత నుంచి శృంగం దాకా అని రాసింది ఒక్కళ్ళే. తెర మీద ఒకటి రాసి, కాగితం మీద ఇంకోటి ఎందుకు రాశావు?"

"తెర మీద రాసింది పొద్దున ఎనిమిదింటికి టీచర్. కాగితం మీద రాసింది మధ్యాహ్నం. మధ్యలో నాన్న అడుగున్నర ఎర్ర గుడ్డ పాడు చేశాడు."

పెద్ద టీచరమ్మకు అర్థం కాలేదు. మొత్తం చెప్పించుకుంది. మంచం కోడు దగ్గర నవ్వు ఆపుకుంది. స్టూలు దగ్గర ఇంక ఆపుకోలేకపోయింది. ఫిజిక్స్ టీచరమ్మ మాత్రం నవ్వలేదు. ఎర్ర సిరా కలం తీసి, ఆ ఒక్క కాగితం మీద ఇరవై అయిదుకి ఇరవై ఒకటి వేసింది. మిగతా అందరికీ సోమవారం మళ్ళీ పరీక్ష అని నోటీసు రాసింది. కాపీ కొట్టనిది ఈ తెర రాసిన పిల్ల ఒక్కతే కాబట్టి, దానికి మళ్ళీ పెట్టే పని లేదంది. దర్జీ భుజం మీది టేపుతో కళ్ళు తుడుచుకుని, అది టేపని తెలిసి చొక్కాతో తుడుచుకున్నాడు.

"ఈ తెర మాత్రం నా ల్యాబుకి కావాలి. పై వరుస సరిచేసి ఇవ్వండి, అదే సుద్దతో" అంది టీచరమ్మ.

మర్నాడు పొద్దున గుండుసూది బల్ల మీద కొత్త గుడ్డ పరిచి, సైన్సులో తర్వాతి పాఠం మొదలుపెట్టింది. బావమరిది కత్తెర పట్టుకుని వచ్చి, గీతల్ని చూసి, అయిదేళ్ళ తర్వాత మొదటిసారి తన బుర్రను లేపి, లోపలికి కేకేశాడు.

"బావా, ఇది పాంటా, పాఠమా?"